కనపడని చేపల చిన్నాయన

చిన్నాయన పోయిన సంగతి చిన్నమ్మే ఫోన్ చేసి చెప్పింది. గొంతులో ఏ తేడా లేదు.

"మీ చిన్నాయన పోయినాడమ్మాయ్. పొద్దున అంగడి తీసి, సాంబ్రాణి వేసి, గద్దె మీద కూర్చున్నాడంట. అట్లే పోయినాడు."

 ఎప్పుడు, ఎలా అని అడగడానికి కూడా ఏం మిగల్లేదు, అన్నీ ఆమే చెప్పేసింది.  వెనకాల జనం మాటలు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

"ఇంకో మాట," అంది గొంతు తగ్గించి. "చేపల మేత యాడ పెడతన్నాడో నీకేమన్నా చెప్పినాడా? నా ఫ్రిజ్జులోనే ఉందని తెల్సు. ఏ డబ్బానో తెలీదు."

"పచ్చ మూత డబ్బా చిన్నమ్మా. బఠాణీల వెనక."

"అనుకున్నా," అని పెట్టేసింది.

ఆయన నాకు బంధువేం కాడు. మార్కాపురంలో మా ఇంటి ఓనరు. మాది గిద్దలూరు. రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో నాకు మార్కాపురంలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చింది. మా ఆయన కర్నూలులో పనిచేసేవాడు, ఆదివారాలు వచ్చి పోయేవాడు. ఇల్లు వెతుక్కుంటూ పోతే బస్టాండు వెనక వీధిలో ఒక మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉందన్నారు. కింద బట్టల దుకాణం ఆయన కుటుంబం ఉంటుంది, వ్యాపారస్తులు, మాంసం, చేప ముట్టరు, జాగ్రత్త అని కూడా చెప్పారు.

ఆయన వరండాలో నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు. మెడలో కొలత టేపు వేలాడుతూ ఉంది. ఇంట్లో ఉన్నా, గుడికి పోయినా అది అక్కడే ఉండేదని తర్వాత తెలిసింది.

"నీసు తింటారా?" అని అడిగాడు.

ఇల్లు పోతుందని భయం వేసింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఎప్పుడన్నా, ఆదివారాలు," అన్నాను.

"ఎప్పుడన్నా అంటే చాలదు," అన్నాడాయన. "ఫ్రిజ్జుందా?"

ఉందన్నాను. వెంటనే తాళంచెవి నా చేతికిచ్చాడు. ఆ వీధిలో మాంసం తింటుందన్న కారణంతో ఇల్లు దొరికిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. సాయంత్రానికి ఒక డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. గడ్డకట్టించిన రొయ్య ముక్కలు. చేపల కోసం. చిన్నమ్మ తన ఫ్రిజ్జులో వాటి నీడ కూడా పడనీయనందట. అందుకని ఆయన ఆర్నెల్లుగా నీసు తినే అద్దెవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు.

కింద హాల్లో ఉన్న ఆ అద్దాల చేపల తొట్టి నిజానికి ఆయనది కాదు. చిన్నమ్మ అక్క భర్త, అంటే చిన్నాయనకు తోడల్లుడు, హైదరాబాదులో ప్రభుత్వ ఉద్యోగి. రాష్ట్రం విడిపోయాక అక్కడ పనిచేసే వాళ్ళంతా ఒక్కొక్కరే విజయవాడకు మారుతున్న రోజులవి. విజయవాడలో ఆయనకు దొరికిన ఇల్లు చిన్నది. అందుకని తొట్టిని వ్యానులో ఎక్కించి, చేపల్ని సంచుల్లో, రాళ్ళను డ్రమ్ముల్లో పెట్టి, శ్రీశైలం ఘాటు దించి మార్కాపురం తెచ్చి చిన్నాయన హాల్లో పెట్టి పోయాడు. "రాజధాని కట్టినాక వచ్చి తీసుకుపోతా," అన్నాడట పోతూ పోతూ.

చిన్నాయన ఆ మాట నమ్మాడు. ఆ రోజుల్లో చాలామంది నమ్మారు. పేపర్లో రాజధాని బొమ్మ పడ్డప్పుడల్లా చిన్నమ్మ ఆ కాగితం తెచ్చి ఆయన ముందు పరిచి, "మన హాలు ఎప్పటికి ఖాళీ అయితదంట?" అని అడిగేది. ఆయన బొమ్మను శ్రద్ధగా చూసి, "ఇంకా పునాదులు పడాల," అనేవాడు.

మా ఊళ్ళలో తాగే నీళ్ళు ట్యాంకరులో వస్తాయి. బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడతాయి. అలాంటి చోట ఒక మనిషి మినరల్ వాటర్ క్యాన్లు కొని, వాటిలో సముద్రపు చేపల కోసమని మద్రాసు నుంచి పార్సిల్లో తెప్పించిన ఉప్పు కలిపి, తాగడానికి పనికిరాకుండా చేస్తున్నాడంటే వీధి ఏమనుకుంటుందో వేరే చెప్పాలా. క్యాన్లు దించే ఆటో అతను ఒకసారి నన్నడిగాడు, "అక్కా, ఆయనకు ఏమన్నా మొక్కుందా?" అని.

ఇంత చేస్తే, వచ్చినవాళ్ళకు కనిపించేది రాళ్ళు.

లోపల ఎవరెవరున్నారో ఆయన చెప్పేవాడు. తెల్ల చారల నారింజ చేపలు రెండు. పళ్ళెంలా పలచగా ఉండే నీలం చేప ఒకటి. పొద్దు వాలగానే ఇసకలోకి దూరి పడుకునే పసుపు చేప ఒకటి. ఎరుపు తెలుపు చారలతో, తన ఒంటికి రెండింతల మీసాలున్న రొయ్య ఒకటి. ఎవరో వదిలేసిన గవ్వలో కాపురముండే పీత ఒకటి. పేర్లు పెట్టలేదు. అందర్నీ కలిపి "వాళ్ళు" అనేవాడు. వచ్చినవాళ్ళు ఏరీ అంటే, "ఉన్నారు. వాళ్ళ పనిలో వాళ్ళున్నారు," అనేవాడు.

కొమరోలు నుంచి ఒక పెద్ద రైతు కూతురి పెళ్ళి బట్టలకు వచ్చాడొకసారి. పెద్ద బేరం. మర్యాద కోసం చిన్నాయన ఆయన్ని భోజనానికి ఇంటికి పిలిచాడు. ఆ రైతు చేతులు తుడుచుకుంటూ తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు. అటు వంగి చూశాడు, ఇటు వంగి చూశాడు. చివరికి చాలా మెల్లగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"ఏంది సెట్టీ, రాళ్ళు పెంచుతున్నావా?"

"చేపలున్నయ్ మామా. కూర్చో. మాట్లాడకుండా పది నిమిషాలు కూర్చుంటే వస్తయ్."

ఆయన కూర్చున్నాడు. రెండో నిమిషంలో వానల సంగతెత్తాడు. నీలం చేప తోక ఒకటి రాతి సందులో కనపడబోయి ఆగిపోయింది. మాట్లాడకుండా పది నిమిషాలు కూర్చోగలిగిన మనిషిని నేను ఆ ఇంట్లో చూడలేదు, నన్నూ కలుపుకొని.

ఈయనే దుకాణంలో పూర్తిగా వేరే మనిషి. దుకాణంలో ఏదీ దాచేవాడు కాదు. ఒక రవికె గుడ్డ అడిగిన ఆడమనిషి ముందు బీరువా మొత్తం దించేవాడు. "కొనొద్దు తల్లీ, చూడు. చూస్తే నాకేం పోదు," అంటూ చీర మీద చీర విప్పి పరిచేవాడు. చూసి చూసి ఆ అమ్మకు మొహమాటం పుట్టి ఏదో ఒకటి కొనుక్కుపోయేది. సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరికీ ఏదీ చూపించని జీవాల ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇదేంటి చిన్నాయనా అని అడిగితే, "పొద్దంతా చూపించేదే గదా," అన్నాడు. 

మొదట్లో ఆయనకు కూడా వాళ్ళు దాక్కోవడం నచ్చలేదట. తొట్టి వచ్చిన కొత్తల్లో చుట్టాలు ఒకటే రావడం, ఏమీ కనపడక తిరిగి పోవడం. పరువు పోతున్నట్టనిపించి, ఒకరోజు రాళ్ళన్నీ తీసేశాడు. అప్పుడు చేపలన్నీ కనిపించాయి. అన్నీ ఒకే మూలలో, మోటారు వెనక, ఒకదాన్నొకటి తోసుకుంటూ. రంగు పోయింది. మేత వేస్తే కదల్లేదు. నాలుగో రోజు, అప్పట్లో ఉండిన ఒక చిన్న నీలం చేప చచ్చిపోయింది.

"నేనే చంపినా," అన్నాడు నాతో, ధర తక్కువ చెప్పి మోసపోయినా అన్నంత మామూలుగా.

ఆ తర్వాత రాళ్ళు మళ్ళీ పెట్టాడు. అవి చాలవని పలకల ఫ్యాక్టరీ వెనక కుప్పలో పారేసిన ముక్కలు ఏరుకొచ్చాడు. మార్కాపురం నల్ల పలకరాయి నీళ్ళలో ఏమీ కాదు, కరగదు. వాటిని కడిగి, ఒకదాని మీద ఒకటి పేర్చి, గూళ్ళు కట్టాడు. ఒక్కోదానికి ముందొక దారి, వెనకొక దారి. దుకాణంలో చీరల అరల్లాగే ఉండేవి. చిత్రం ఏంటంటే గూళ్ళు ఎక్కువైన కొద్దీ చేపలు ఎక్కువగా బయటికి రాసాగాయి. పారిపోవడానికి చోటు పక్కనే ఉందని తెలిస్తే వాటికి అంత భయం ఉండదట. నారింజ చేపలు అద్దం దాకా వచ్చి ఆయన కొలత టేపును చూసి పోయేవి.

ఈ విషయం ఆయన ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. పాలు పోసే ఆమెకు చెప్పాడు. కరెంటు బిల్లు కొట్టే అతనికి చెప్పాడు. వాళ్ళు తలూపేవాళ్ళు. వంటింట్లో చిన్నమ్మ పోపు గింజలు చిటపటలాడిస్తూ ఉండేది.

రొయ్య సంగతి ఒకటి చెప్పాలి. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి, కింద హాల్లో మంచినీళ్ళు తాగుతూ తొట్టి వైపు చూశాను. ఇసక మీద రొయ్య వెల్లకిలా పడి ఉంది. మీసాలతో సహా తెల్లగా పాలిపోయి, నీళ్ళు ఎటు కదిపితే అటు కదులుతోంది.  దుకాణానికి పోయి ఎలా చెప్పాలో తెలియక, జనం తగ్గేదాకా ఒక మూల నిలబడి, చివరికి దగ్గరికి పోయి, "చిన్నాయనా, రొయ్య పోయింది," అన్నాను.

ఆయన ఒక పంచె మడత పెడుతున్నాడు. మడత పూర్తి చేశాడు.

"మీసాలున్నయ్యా?"

"ఉన్నాయి."

"కండ్లు?"

అది చూడలేదన్నాను.

"కండ్ల కాడ బొక్కలుంటయ్. అది దాని పొట్టు. ఒళ్ళు పెరిగి చొక్కా బిగువైతే ఇడిచి పారేసింది. అది లోపల యాడనో ఉంది. కొత్త పొట్టు గట్టిపడేదాకా రాదు. ఇప్పుడు దాని ఒళ్ళు మెత్తన, ఎవరైనా కొరికితే పాయె." పంచె పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "మొదటిసారి నేనూ చచ్చిందనుకున్నా. మందారం చెట్టు కింద పూడ్చిపెట్టినా. స్నానం గూడా చేసినా. మధ్యాన్నం అన్నం తినబుద్ధి గాలే. మూడు దినాల తర్వాత రాతి కిందనుంచి నడుచుకుంటా వచ్చింది."

"చిన్నమ్మ ఏమంది?"

"తలంటు పోసుకున్నా గాబట్టి పండగ చేసుకోమంది."

ఆ యేడు ఎండలు మామూలుగా కాయలేదు. హాల్లో ఏసీ పెట్టించాడు. మనుషులకు లేని ఏసీ చేపలకా అని చుట్టాలు అన్నారు, అని ఆ చల్లదనంలోనే మధ్యాహ్నాలు పడుకుని పోయారు. అయినా చేపలు లోపలికి పోయాయి. ఒకటీ రెండూ కాదు, అన్నీ. గూళ్ళున్నాయి, చీకటుంది, ఎవరూ అద్దం కొట్టడం లేదు. మేత వేస్తే ముట్టకుండా ఇసక మీద పడి ఉండేది.

చిన్నాయన కారణం వెతకడం మొదలుపెట్టాడు. టీవీ చప్పుడనుకుని టీవీని పడకగదిలోకి మార్చాడు. మిక్సీ అదురు అనుకుని చిన్నమ్మను పెరట్లో పచ్చడి రుబ్బుకోమన్నాడు. నన్ను మెట్ల మీద చెప్పులు లేకుండా నడవమన్నాడు. లైటు మీద పాత లంగా గుడ్డ కప్పాడు. వాకిట్లో ఎవరైనా గట్టిగా పిలిస్తే పరిగెత్తుకుంటూ పోయి నోటి మీద వేలు పెట్టేవాడు. జబ్బు మనిషి ఉన్న ఇల్లులా తయారైంది.

వారం చూసింది చిన్నమ్మ. తర్వాత, పెరట్లో నిలబడి రుబ్బీ రుబ్బీ చేయి నొప్పి పుట్టిన ఒక పొద్దున, సరాసరి తొట్టి దగ్గరికి వచ్చి, మూత పక్కకు జరిపి, వేలు ముంచి, నాలిక్కి రాసుకుంది. ఆచారం గల మనిషి. నేను, చిన్నాయన అట్లాగే నిలబడిపోయాం.

"ఉప్పెక్కువైంది," అంది.

"నీకెట్ల తెలుసు?" అన్నాడాయన.

"తొట్టి దించిన రోజు రుచి చూసినా, ఎట్లుంటయ్యో అని. ఇంత లేదు. మీరు రోజూ ఏం పోస్తన్నారు?"

"నీళ్ళు తగ్గుతుంటే పోస్తన్నా. ఉప్పునీళ్ళే."

"ఎండకు తగ్గేది నీళ్ళు. ఉప్పు యాడికి పోతది? పులుసు మరిగి చిక్కబడితే నేను మళ్ళీ ఉప్పేస్తనా?"

ఉప్పు కొలిచే గాజు గొట్టం ఘాటు దిగేటప్పుడే పగిలింది, ఆయన మళ్ళీ కొనలేదు. ఆ రోజే మనిషిని పెట్టి తెప్పించాడు. చూస్తే ఆమె మాట నిజమే. రోజుకింత మంచినీళ్ళు పోస్తూ మెల్లగా సరిచేశాడు. నీలం చేప మొదట వచ్చింది. తర్వాత మిగతావాళ్ళు. చిన్నమ్మ మిక్సీ మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ మాట్లాడలేదు. చిన్నాయన మాత్రం అప్పటినుంచి తొట్టి సంగతులు వంటింటి గడప దగ్గర నిలబడి చెప్పేవాడు. ఎవరికి చెప్తున్నాడో తెలియనట్టు గాల్లోకి చూస్తూ చెప్పేవాడు. ఆమె విన్నట్టు కనిపించేది కాదు.

మూడో యేడు పెళ్ళిళ్ళ కాలంలో ఒక సాయంత్రం ఆయన నన్ను పిలిచి, "అమ్మాయ్, రేపట్నుంచి సాయంత్రం మేత నువ్వే వెయ్యి. నీకూ అలవాటు కావాల గదా," అన్నాడు. నాకు సంతోషం వేసింది. ప్రమోషన్ వచ్చినట్టు అనిపించింది. చేపలు కూడా త్వరగానే నాకు అలవాటుపడ్డాయి. ఆయన కుర్చీ ఖాళీగా ఉంటోందని గమనించాను గానీ, దుకాణంలో రద్దీ అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆ రొయ్యల ఫ్రిజ్జు వల్ల ఆమె ఎప్పుడూ పైకి వచ్చేది కాదు. గడప అవతలే ఆగింది.

"లోపలికి రాను. నువ్వే బయటికి రా."

వచ్చాను. పిట్టగోడకు ఆనుకుని నిలబడింది.

"మీ చిన్నాయన నీతో ఏమన్నా చెప్పినాడా?"

"దేని గురించి?"

"దేని గురించైనా."

"లేదే."

"నాతోనూ చెప్పలే. అదే." కొంగుతో మొహం తుడుచుకుంది. "దుకాణంలో గద్దె మీద కూర్చోడం లేదు, వెనక గదిలో మూటలకు ఆనుకోని ఉంటన్నాడు. ఇంటికొస్తే వాకిలి మెట్ల కాడ ఆగి మందారం చెట్టు చూస్తన్నాడు. ఆ చెట్టు నేను కాపురానికొచ్చినప్పటిది, ఒక్కనాడన్నా చూసిన మనిషి గాదు. అన్నం నా ముందర తినడు. నేను నెయ్యికని లోపలికి పోతే గబగబా ఆకు మడిచేస్తన్నాడు."

"ఎండలకేమో చిన్నమ్మా."

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"కొత్త చేప దాక్కుంటది. దానికి చోటు కొత్త. పొట్టిడిచిన రొయ్య దాక్కుంటది. దాన్ని కదిలించగూడదు. చప్పుడైతే దాక్కుంటయ్, అది పోతే వస్తయ్. అన్నీ బాగుండి, పాతదై ఉండి, మేత టయానికి రాలేదంటే మటుకు దానికి లోపల ఏదో ఉన్నట్టు. ఎవరు చెప్పినారు ఇది? ఆయనే. వచ్చినోళ్ళకంతా చెప్తా ఉంటే వంటింట్లో నాకు ఇనపడదా? నేను ఇంటలేదనుకున్నాడు."

ఆయన్ని అడిగితే ఏం లేదంటాడని ఆమెకు తెలుసు. అందుకని అడగలేదు. రాత్రి భోజనాల దగ్గర, చీరాలలో కొత్త నేత వచ్చిందట, పెళ్ళిళ్ళకు మన దగ్గర సరుకు చాలదు, పొద్దున కారు మాట్లాడినా అంది. అమ్మాయి కూడా ఒక చీర తీసుకుంటుందట అని నన్నూ చేర్చింది. సరుకన్న మాట వింటే ఆయన రాకుండా ఉండలేడు.

పొద్దున్నే బయల్దేరాం. ఆయన ముందు సీటులో, మేమిద్దరం వెనక. పొదిలి దాటేదాకా నేత గురించి మాట్లాడాడు. తర్వాత నిద్రపోయాడు. నిద్రలో ఊపిరి తీసుకుంటుంటే గొంతులో చిన్న చప్పుడు. చిన్నమ్మ నా వైపు చూడలేదు, అద్దంలోంచి బయటికి చూస్తూ ఉంది. ఒంగోలులో కారు పెద్ద రోడ్డు వదిలి పక్కకు తిరిగింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"చీరాలకు ఇట్ల పోరే," అన్నాడు డ్రైవరుతో.

"దారిలో చిన్న పనుంది," అంది చిన్నమ్మ.

"నీకేం పని?"

"నాది గాదు. మీదే."

కారు ఆగింది. ఆయన ఆస్పత్రి బోర్డును పై నుంచి కింది దాకా చదివాడు. కింద రాసిన డాక్టర్ల పేర్లు, డిగ్రీలు కూడా చదివాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పినావా?"

"నాకేం తెలీదు చిన్నాయనా," అన్నాను. అది నిజమే.

"ఎవరూ చెప్పలే," అంది చిన్నమ్మ. "మీరు మేతకు రాలే. అంతే."

ఎంత గడుసు బేరగాడికైనా జవాబు చెప్పే మనిషి.  మెడలోంచి టేపు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని కారు దిగాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, "మరి చీరాల?" అన్నాడు.

"చూద్దాం," అంది ఆమె, ఆయన మోచెయ్యి పట్టుకుని.

గుండెకు పోయే దారులు మూసుకుపోయాయన్నారు. రెండు రోజులు అక్కడే ఉంచి గుంటూరు పంపారు. అక్కడ ఆపరేషన్ జరిగింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చేయడానికి ఏమీ ఉండేది కాదని డాక్టరు ఇంగ్లీషులో నాతో చెప్పాడు. నేను తెలుగులో చెప్పడం మొదలుపెట్టేసరికి చిన్నమ్మ మధ్యలోనే ఆపి, "సరే, ఇప్పుడేం పెట్టాలో అడుగు," అంది. అడిగి వచ్చేసరికి ఆమె వరండాలో లేదు. ఆస్పత్రి మెట్ల కింద, స్కూటర్లు పెట్టే చోట, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. చాలాసేపటికి తిరిగి వచ్చి, ఉప్పు లేకుండా పప్పు ఎలా తింటాడీయన అని నన్నడిగింది.

ఎందుకు చెప్పలేదని ఆయన్ని ఆమె ఒక్కసారే అడిగింది. నేను పక్కనే ఉన్నాను, బత్తాయి ఒలుస్తూ.

"చెప్తే అందరూ వచ్చి చుట్టూ నిలబడతారని," అన్నాడు.

"నిలబడరా మరి?"

"అదే."

అన్నట్టే అయింది. ఇంటికి తెచ్చిన మర్నాటి నుంచి కనిగిరి, దర్శి, కంభం, అన్ని ఊళ్ళ చుట్టాలూ దిగారు. చూసి పోవడం మర్యాద. చిన్నమ్మ పడకగది గుమ్మానికి దుకాణంలో అమ్ముడుపోని గుడ్డ తాను ఒకటి తెచ్చి పరదా కట్టింది. వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చేది, హాల్లో కూర్చోబెట్టేది. లోపలికి మటుకు పంపలేదు.

"ఒక్కసారి మొహం చూసి పోతాం వదినా," అంటే, "బాగున్నాడు. రావాలనిపిస్తే ఆయనే వస్తాడు," అనేది. కొందరికి కోపం వచ్చింది. ఆమె దగ్గరి చుట్టం ఒకాయన కాఫీ తాగకుండా పోయాడు. ఆమె ఆ కాఫీ తాను తాగింది.

ఆరేడు రోజులు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం కంభం నుంచి వచ్చిన ఇద్దరు, వాళ్ళూ బట్టల వ్యాపారులే, చేసేదేం లేక ఆ పరదా గుడ్డ గురించి మొదలుపెట్టారు. ఒకాయన కాటనంటాడు. ఇంకొకాయన కాదు, సగం పాలిస్టర్ కలిసింది, వెలుగులో మెరుపు చూడు అంటాడు. కాసేపటికి మాటలు పెరిగాయి. అప్పుడు పరదా కదిలింది. చిన్నాయన లుంగీ, బనీనుతో, ఒక చెయ్యి గుమ్మం మీద వేసి నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"కాటనే," అన్నాడు. "ఒక్కసారి ఉతికితే మెరుపు పోతది. అందుకే అమ్ముడుపోలే."

చిన్నమ్మ వంటింటి గడప దగ్గర నుంచి అంతా చూసింది. స్టవ్ వెలిగించి ఇంకో గ్లాసు పాలు పెట్టింది.

ఆ తర్వాత ఆయన చాలా యేండ్లు బాగానే ఉన్నాడు. నాకు కర్నూలుకు మారే అవకాశం వచ్చి వెళ్ళిపోయాను. ఫ్రిజ్జు కూడా నాతోనే వచ్చేసింది కాబట్టి మేతను చిన్నమ్మ ఫ్రిజ్జులో దాచాల్సి వచ్చిందాయనకు. దాచిన చోటు మార్చినప్పుడల్లా నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదా అనేవాడు. ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

కర్మ రోజుకు పోయాను. బస్సు ఆలస్యమై, నేను చేరేసరికి భోజనాలు మొదలయ్యాయి. వాకిట్లో షామియానా, లోపల ఇసుకేస్తే రాలనంత జనం. హాల్లో లైట్లన్నీ వేసి ఉన్నాయి. పిల్లలు తొట్టి అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు. ఒక్కటీ కనపడడం లేదు. ఆయనతోపాటే పోయినట్టున్నయ్ అని ఎవరో అన్నారు. ఆ పక్కామె తలూపింది.

చిన్నమ్మ ఎక్కడని అడిగాను. ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నిందే అన్నారు. వంటింట్లో లేదు. పడకగదిలో నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు గానీ ఆమె లేదు. పెరట్లో వంటవాళ్ళు బూడిద గుమ్మడికాయలు కోస్తున్నారు. ఎందుకో పైకి పోదామనిపించింది.

నేను ఉండిన పోర్షన్ ఇప్పుడు దుకాణం సరుకు పెట్టే గది. తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టడానికి చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దించి, పై మెట్టు మీద కూర్చున్నాను. కింద వడ్డించేవాళ్ళు అన్నం, అన్నం అని పిలుస్తున్నారు. ఎండ మెట్ల మీదికి వచ్చింది.

చాలాసేపటికి లోపల నుంచి, "ఎవరూ?" అని వినిపించింది.

"నేనే చిన్నమ్మా."

"ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే."

"తిన్నావా?"

"లేదు."

"పోయి తిను. పప్పు అయిపోతది."

"అయిపోనీలే. నాకు సాయంత్రం దాకా బస్సు లేదు," అన్నాను.

 కాసేపటికి లోపల ఏడుపు మొదలైంది. మొదట గుడ్డ అడ్డం పెట్టుకుని, తర్వాత అడ్డం లేకుండా. ఆ పది రోజుల్లో ఆమె కంట నీళ్ళు చూడలేదని కింద అందరూ చెప్పుకుంటున్నారు.

కింది నుంచి ఒకామె, చిన్నమ్మ అక్క, వెతుక్కుంటూ మెట్లెక్కి వస్తోంది. పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులు, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతోంది. నన్ను చూసి ఏదో అడగబోయింది. నేను తలుపు వైపు చూశాను. ఆమె కూడా విన్నది. నన్ను దాటుకుని తలుపు దగ్గరికి పోతుందనుకున్నాను. పోలేదు. ఆయాసం తీర్చుకుని, కొంగు సర్దుకుని, నా కింది మెట్టు మీద మెల్లగా కూర్చుంది.